అటోన్‌మెంట్ అంటే ప్రాయశ్చిత్తమేనా? ఆ మాటకు అవతల ఎవరున్నారో చూడాలి

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. మీ డిగ్రీ ఇంగ్లీష్ పాసేజ్‌లో «హి స్పెంట్ హిజ్ లాస్ట్ ఇయర్స్ ఇన్ అటోన్‌మెంట్ ఫర్ వాట్ హి డిడ్ టు హిజ్ బ్రదర్» అని ఒక వాక్యం వచ్చింది. డిక్షనరీ ప్రాయశ్చిత్తం అంటోంది, రూమ్మేట్ పరిహారం అంటున్నాడు, ఇంకెవరో పశ్చాత్తాపం అన్నారు. ఏది రాయాలి, ఆ మాటను సొంత వాక్యంలో ఎట్లా వాడాలి అని అడిగావు. నేను హనుమకొండలో ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీష్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, ఇప్పుడు చిన్నాచితకా అనువాదాలు చేసుకుంటున్నా. ఈ ఒక్క మాట నన్ను ఇబ్బంది పెట్టినంతగా వేరే మాటలు పెట్టలేదు, అందుకని కొంచెం పొడుగ్గానే చెప్తా. చాయ్ పక్కన పెట్టుకుని చదువు.

రేపే పరీక్ష ఉంటే ఇంతే: ప్రాయశ్చిత్తం అని రాసెయ్, మార్కులు పోవు. పశ్చాత్తాపం తప్పు. పరిహారం సగం తప్పు, అదీ ప్రమాదకరమైన సగం. ఒకసారి పేపర్లు దిద్దుతుంటే ఒక పిల్లగాడు «దేవుని ముందు అటోన్‌మెంట్ కోరాడు» అనాల్సిన చోట «దేవుని దగ్గర నష్టపరిహారం కోరాడు» అని రాశాడు. దేవుడే వీడికి బాకీ ఉన్నట్టు! స్టాఫ్‌రూమ్‌లో అందరం నవ్వుకున్నాం గానీ, తర్వాత ఆలోచిస్తే వాడి తప్పేం లేదనిపించింది. డిక్షనరీలో పక్కపక్కనే ఉన్న రెండు మాటల్లో ఒకటి తీసుకున్నాడు, అంతే.

ఇక తొందర లేకపోతే ఆ మాటనే విప్పి చూద్దాం. ఇంగ్లీషులో పెద్ద పెద్ద మతపరమైన మాటలు చాలావరకు లాటిన్ నుంచో గ్రీకు నుంచో వచ్చినవే. ఇది మాత్రం అచ్చంగా ఇంగ్లీష్ మట్టిలో పుట్టింది. ఎట్, వన్, ఈ రెండూ కలిపి చివర మెంట్ అని ఒక తోక తగిలించారు. ఎట్ వన్ అంటే ఒకటిగా ఉండటం, పొసగి ఉండటం. విడిపోయిన ఇద్దరు మళ్లీ ఒకటవడం అటోన్‌మెంట్. మరి వన్ ఉంటే అట్‌వన్‌మెంట్ అని ఎందుకు పలకం అంటావేమో. వన్ అనే మాటను ఒకప్పుడు ఓన్ అనే పలికేవాళ్లు, ముందు వకారం తర్వాత చేరింది. పాత పలుకుబడి ఎలోన్‌లో, ఓన్లీలో, ఈ అటోన్‌లో అట్లనే దాగి ఉండిపోయింది. ఎలోన్ అంటే ఆల్ వన్, పూర్తిగా ఒక్కడే. చూశావా, ఒకే వన్ నుంచి ఒంటరితనానికీ మాట పుట్టింది, కలిసిపోవడానికీ మాట పుట్టింది. పలికేటప్పుడు ఒత్తు «టోన్» మీద వెయ్యాలి.

ఈ మాటను బైబిల్ అనువాదకుడు విలియం టిండేల్ పుట్టించాడని చాలాచోట్ల చదువుతావు. పూర్తిగా నిజం కాదు. 1526లో అచ్చయిన అతని కొత్త నిబంధన వల్లే జనంలో పాతుకుపోయిందన్నది నిజం. కానీ అంతకు పది పన్నెండేళ్ల ముందే థామస్ మోర్ అనే ఇంగ్లీష్ పండితుడి రాతల్లో ఉంది. అక్కడ పాపం లేదు, పూజ లేదు, బలి లేదు, కొట్లాడుకున్న ప్రభువుల మధ్య కొత్తగా కుదిరిన రాజీ అనే అర్థంలో వాడాడు. ఇంకో తమాషా ఏంటంటే మోర్‌కూ టిండేల్‌కూ అస్సలు పడేది కాదు, ఒకరినొకరు తిట్టుకుంటూ పుస్తకాల మీద పుస్తకాలు రాసుకున్నారు. 1535లో మోర్ తల తీశారు, 1536లో టిండేల్‌ను గొంతు బిగించి చంపి తగలబెట్టారు. ఒకటి కావడం అనే మాటను ఇంగ్లీషుకు ఇచ్చిన ఇద్దరూ ఒకటి కాకుండానే పోయారు.

షేక్స్‌పియర్ నాటికి కూడా పాత అర్థం బతికే ఉంది. ఒథెల్లో నాటకంలో డెస్డిమోనా, తన భర్తకూ అతని కింది అధికారి కాసియోకూ మధ్య చెడింది, వాళ్లిద్దరినీ అటోన్ చెయ్యడానికి ఎంతైనా చేస్తానంటుంది. అంటే కలపడానికి. ఇవాళ్టి ఇంగ్లీషులో అట్లా వాడితే తప్పు పడుతుంది. ఇప్పుడు మనుషుల్ని అటోన్ చెయ్యరు, తప్పు కోసం అటోన్ అవుతారు. కలిసిపోవడం అనే అర్థం మెల్లగా వెనక్కి జరిగి, కలిసిపోవడానికి చెల్లించాల్సిన మూల్యం అనే అర్థం ముందుకొచ్చింది. నీ డిక్షనరీలో ప్రాయశ్చిత్తం అని ఉన్నది ఈ రెండో అర్థం. మొదటిది చాలా డిక్షనరీల్లో చిన్నక్షరాల్లో ఉంటుంది, లేకపోతే ఉండనే ఉండదు.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో చదివి తెలియలేదు, దెబ్బ తిని తెలిసింది. కొన్నేళ్ల కింద ఇక్కడి ఒక చర్చి వాళ్లు ఇంగ్లీష్ ప్రసంగాల పుస్తకం ఒకటి అనువాదానికి ఇచ్చారు. అందులో అటోన్‌మెంట్ కనబడిన ప్రతిచోటా కళ్లు మూసుకుని ప్రాయశ్చిత్తం వేసుకుంటూ పోయాను. అప్పజెప్పిన వారానికి ఒక ముసలి పాస్టర్ గారు రాతప్రతి పట్టుకుని మా ఇంటికే వచ్చారు. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, ఒక పేజీలో వేలు పెట్టి, «సార్, మీరు రాసింది తప్పని అనను. కానీ రోమా పత్రిక ఐదో అధ్యాయం మా తెలుగు బైబిల్లో ఒకసారి చూడండి» అన్నారు. చూశాను. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీష్ బైబిల్లో కొత్త నిబంధన మొత్తం మీద అటోన్‌మెంట్ అనే మాట ఒకే ఒక్కసారి వస్తుంది, అది అక్కడే, పదకొండో వచనంలో. తెలుగులో అక్కడ ప్రాయశ్చిత్తం లేదు, సమాధానం ఉంది. దేవునితో సమాధానపడటం. తర్వాతి ఇంగ్లీష్ బైబిళ్లు కూడా అక్కడ అటోన్‌మెంట్ తీసేసి రికన్సిలియేషన్ అని మార్చుకున్నాయి. మన తెలుగు అనువాదకులు కూడా ఆ మాటలోని కీలకాన్ని సరిగ్గా పట్టుకున్నారు.

సమాధానం అంటే బయట మనకు జవాబు. చర్చికి పోయేవాళ్లకు శాంతి, పొత్తు. రోడ్డు మీద ఇద్దరు కొట్టుకుంటుంటే పెద్దాయన వచ్చి «సమాధానపడండ్రా» అంటాడు చూడు, ఆ సమాధానం. నువ్వడిగిందీ సమాధానమే, నేను చెప్పేదీ సమాధానమే, మధ్యలో ఇది ఇంకో సమాధానం.

అట్లని బైబిల్లో ప్రాయశ్చిత్తం లేదనుకోకు. పాత నిబంధనకు పోతే అదే ఉంటుంది, ముఖ్యంగా లేవీయకాండంలో. అక్కడ వెనకాల ఉన్నది హీబ్రూ మాట, కిప్పూర్. యోమ్ కిప్పూర్ అనే యూదుల ఉపవాస దినం పేరు వినే ఉంటావు, 1973లో అరబ్బు దేశాలకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం మొదలైంది ఆ రోజే. లేవీయకాండం పదహారో అధ్యాయంలో దాని తంతు ఉంది. రెండు మేకలు తెస్తారు, చీట్లు వేస్తారు. ఒకటి బలి. రెండోదాని తల మీద ప్రధాన యాజకుడు రెండు చేతులూ పెట్టి, జనం చేసిన తప్పులన్నీ చెప్పి, దాన్ని అడవిలోకి తోలేస్తారు. ఇంగ్లీషులో స్కేప్‌గోట్ అనే మాట అక్కడిదే. అదీ టిండేల్ పుణ్యమే. మన ఆఫీసుల్లో కింది ఉద్యోగి మీద నెట్టేసి పైవాడు తప్పుకున్నప్పుడు బలిపశువు అంటాం గదా, ఆ మాటకు మూలంలో ఉన్న మేక మాత్రం కోత తప్పించుకుని అడవికి పోయిన మేక.

మండిబజార్‌లో గడియారాలు రిపేర్ చేసే నా దోస్తు ఒకాయనతో ఒకరోజు ఈ కిప్పూర్ ముచ్చట తీశాను. స్క్రూ డ్రైవర్ కింద పెట్టి, «అరే సార్, అది మా కఫ్ఫారా గదా» అన్నాడు. అక్షరాలా నిజం. హీబ్రూ, అరబీ ఒకే కుటుంబం భాషలు, కిప్పూర్‌కూ కఫ్ఫారాకూ ధాతువు ఒకటే. వాళ్ల నాన్న ఏదో ఆవేశంలో ఖసమ్ తిని దాన్ని నిలబెట్టుకోలేక పోయాడట, దానికి కఫ్ఫారాగా పదిమంది పేదలకు అన్నం పెట్టాడట. ఖురాన్‌లో ఆ లెక్క అట్లనే ఉంది: ఒట్టు తప్పితే పదిమందికి అన్నం, లేదంటే బట్టలు, లేదంటే బానిసకు విడుదల, ఏదీ చేతకాకపోతే మూడు రోజుల ఉపవాసం. మన వరంగల్‌లో ఉర్దూ తెలిసినవాళ్లకు అటోన్‌మెంట్ గురించి చెప్పాలంటే కఫ్ఫారా అంటే చాలు, ఇంత ఉపన్యాసం అక్కర్లేదు.

కానీ యూదుల దగ్గరే ఇంకో ముఖ్యమైన షరతు ఉంది. నీ ప్రశ్నకు తాళంచెవి అదే. మిష్నా అనే వాళ్ల పాత ధర్మగ్రంథం, మనిషికీ దేవునికీ మధ్య తప్పులను యోమ్ కిప్పూర్ మాఫీ చేస్తుంది, మనిషికీ మనిషికీ మధ్య తప్పులను మాత్రం ఆ మనిషిని ప్రసన్నం చేసుకునేదాకా మాఫీ చెయ్యదు అంటుంది. పొరుగోని గొర్రెను కోసుకుతిని, దినమంతా ఉపవాసం ఉంటే లాభం లేదు. ముందు ఆ పొరుగోని గడప తొక్కాలి.

ఇప్పుడు మన ప్రాయశ్చిత్తం దగ్గరికి వద్దాం. పాత పండితులు దీన్ని ప్రాయః అంటే తపస్సు, చిత్తం అంటే నిశ్చయం అని విడదీస్తారు. నిశ్చయంతో చేసే తపస్సు. భాషాశాస్త్రం చదివినవాళ్లు దీన్ని ఒప్పుకుంటారో లేదో గానీ మన సంప్రదాయం మాత్రం ఇట్లనే అర్థం చేసుకుంది. మనుస్మృతిలో పదకొండో అధ్యాయం చాలావరకు దీని మీదే, యాజ్ఞవల్క్యస్మృతిలోనైతే మూడింట్లో ఒక భాగం పేరే ప్రాయశ్చిత్తాధ్యాయం. చాంద్రాయణం అని ఒక వ్రతం చెప్తారు: పున్నమి నాడు పదిహేను ముద్దలు తిని, రోజుకో ముద్ద తగ్గించుకుంటూ పోయి, అమావాస్య నాడు పూర్తిగా మానేసి, మళ్లీ రోజుకో ముద్ద పెంచుకుంటూ రావాలి. చంద్రుడితో పాటు కంచం కూడా తగ్గి పెరుగుతుందన్నమాట. ఇట్లాంటి వ్రతాలు మనిషి ఒక్కడే చేసుకోవచ్చు. నష్టపోయినవాడు అక్కడ ఉండాల్సిన పని లేదు, వాడికి తెలియాల్సిన పని కూడా లేదు. కాళేశ్వరం పోయి గోదావరి ప్రాణహిత కలిసే చోట మునిగి వచ్చినా, 2015 పుష్కరాల్లో ధర్మపురిలో తోసుకుంటూ స్నానం చేసినా, లెక్క నీకూ పైవాడికీ మధ్యనే. నేను దాన్ని ఎగతాళి చెయ్యట్లేదు, నేనూ మునిగి వచ్చినవాణ్ణే. తేడా చెప్తున్నానంతే.

ఈ తేడా మన ఊరి కథలోనే కనబడుతుంది. హనుమకొండలో వేయిస్తంభాల గుడి ఉంది గదా, కాకతీయ రుద్రదేవుడు కట్టించింది, శాసనం 1163 నాటిది. చిన్నప్పుడు దాని గురించి మా పెద్దవాళ్లు ఒక కథ చెప్పేవాళ్లు. ప్రోలరాజుకు కొడుకు పుడితే, వీడు తండ్రిని చంపుతాడని జోస్యం చెప్పారట. దాంతో పసివాణ్ణి వదిలించుకుంటే గుడిలో ఎవరో పెంచారట. పెద్దయ్యాక ఒకరోజు గుడిలో నిద్రపోతుంటే రాజు దగ్గరికి వచ్చాడట, కొడుకు ఉలిక్కిపడి లేచి కత్తి దింపాడట. ఆ తండ్రిని చంపిన పాపం పోవడానికే గుళ్లు కట్టించాడని కథ ముగిస్తారు. ఇది కథ, చరిత్ర కాదు. కానీ మాట అర్థం కావడానికి భలే పనికొస్తుంది. తండ్రి చచ్చిపోయాడు. ఇక ఒకటి కావడానికి అవతల మనిషే లేడు. వెయ్యి స్తంభాలు నిలబెట్టినా అది ప్రాయశ్చిత్తం అవుతుంది గానీ సమాధానం కాదు.

నీ పాసేజ్‌లో కూడా అన్నదమ్ములే ఉన్నారు కాబట్టి మా ఇంటి ముచ్చట ఒకటి చెప్తా. మాది పరకాల దిక్కు పల్లె. మా నాయనకూ చిన్నాయనకూ పక్కపక్క చెలకలు, మధ్యలో గెట్టు. దున్నిన ప్రతిసారీ మా నాయన నాగలి ఒక సాలు అవతలికి జరిగేది. ఏడాదికి ఒక్క సాలే, ఎవడూ పట్టించుకోడు. నాలుగైదేళ్లకు హద్దురాయి కూడా దానంతటదే నడిచి పోయినట్టు అవతలికి పోయి నిలబడ్డది. చిన్నాయన పంచాయితీ పెట్టాడు. వేపచెట్టు కింద పెద్దమనుషులు కూర్చుని మా నాయనకు మూడు వందలు తప్పు వేశారు. మన దగ్గర తప్పు అంటే చేసిన నేరమూ తప్పే, దానికి కట్టే జుర్మానా కూడా తప్పే, గమనించావా? «తప్పు చేసిండు, తప్పు కట్టిండు» అంటాం, ఒకే మాటతో లెక్క సరి. మా నాయన తప్పు కట్టాడు. అందులో సగం ఆ సాయంత్రమే కల్లు మండువలో పెద్దమనుషుల లెక్కలో అయిపోయింది. చిన్నాయనకు దక్కింది ఏమీ లేదు, రాయి కూడా జరిగిన చోటనే ఉంది.

ఆ తర్వాత ఆరేళ్లు రెండిళ్ల మధ్య మాటల్లేవు. మా అక్క పెళ్లికి చిన్నాయన రాలేదు, చిన్నమ్మ గోడ అవతల నుంచి చూసి ఏడ్చింది. ఎవరన్నా అడిగితే మా నాయన «దండుగ కట్టిన గదా, ఇంకేం జెయ్యాలె» అనేవాడు. ఆయన దృష్టిలో ఖాతా బందయింది. నిజానికి పంచాయితీ దృష్టిలో కూడా అంతే.

ఏడో ఏడు, బతుకమ్మ పండుగకు కొద్దిరోజుల ముందు, తెల్లారకముందే మా నాయన గడ్డపార, పార తీసుకుని నన్ను లేపాడు. చెలక కాడికి పోయినం. చిన్నాయన కొడుకు అప్పటికే మోటరు పెట్టడానికి వచ్చి ఉన్నాడు. వాణ్ణి పిలిచి «పాత రాయి ఏడుండెనో నీకు యాదికుందారా» అని అడిగాడు. వాడు భయం భయంగా ఒక తుమ్మ మోడు చూపించాడు. మా నాయన ఒక్క మాట మాట్లాడకుండా రాయి పెరికి, దొర్లించుకుంటూ పోయి, మోడు పక్కన గుంత తవ్వి నాటాడు. చుట్టూ మట్టి వేసి కాలితో తొక్కాడు. నేను సాయం పట్టబోతే వద్దన్నాడు.

దసరా నాడు సాయంత్రం జమ్మి చెట్టు కాడి నుంచి అందరూ వస్తున్నారు. మన దగ్గర చిన్నోళ్లు పెద్దోళ్ల ఇండ్లకు పోయి జమ్మి పెట్టి కాళ్లు మొక్కుతారు. ఆ రోజు పెద్దోడే చిన్నోని ఇంటికి పోయాడు. చిన్నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మా నాయన చెయ్యి చాపి జమ్మి ఆకు పట్టుకుని నిలబడ్డాడు, నోట్లోంచి మాట రాలేదు. చిన్నాయన కాసేపు ఆకు దిక్కే చూశాడు. తర్వాత లేచి ఆకు తీసుకుని రుమాలు మడతలో పెట్టుకుని అలాయ్ బలాయ్ ఇచ్చాడు. విడిపించుకున్నాక అన్న మొదటి మాట ఏంటో తెలుసా? «రాయి జానెడు ఎక్కువనే జరిపినవ్ గదనే నీ దిక్కు.» మా నాయన «ఉండనియ్యి» అన్నాడు. చిన్నమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆ రాయి ఇప్పటికీ ఆ జానెడు ఎక్కువతోనే ఉంది.

ఇందులో తప్పు కట్టడం ఉంది, అది పెనాల్టీ. రాయి వెనక్కి నాటడం ఉంది, దాన్ని ఇంగ్లీషులో రెస్టిట్యూషన్ అంటారు, తీసుకున్నది తిరిగి ఇచ్చెయ్యడం. ఆరేళ్లూ లోపల మండింది ఏమైనా ఉంటే అది పశ్చాత్తాపం: పశ్చాత్ అంటే తర్వాత, తాపం అంటే మంట, తర్వాత పుట్టే మంట. బయటికి కనబడాల్సిన పని లేదు, దానికి ఇంగ్లీషులో రిపెంటెన్స్, రిమోర్స్ ఉన్నాయి. అటోన్‌మెంట్ మాత్రం రాయి మోసిన తెల్లవారు నుంచి అరుగు మీద అలాయ్ బలాయ్ దాకా ఉన్న మొత్తం దూరం. ఇవాళ్టి ఇంగ్లీషు అందులో మొదటి సగాన్ని, అంటే చేసిన పనిని, చూపిస్తుంది. పుట్టినప్పటి ఇంగ్లీషు రెండో సగాన్ని, అంటే కలిసిపోవడాన్ని, చూపించేది.

పరిహారం సగం తప్పు అన్నాను గదా. దోషపరిహారం అంటే సరిపోతుంది, జ్యోతిష్యం భాషలా వినబడినా అర్థం దగ్గరిదే. ఒట్టి పరిహారం అంటే మాత్రం ఇవాళ మన చెవులకు చెక్కు వినబడుతుంది. ప్రాజెక్టులో భూమి పోతే పరిహారం, పిడుగు పడి ఎడ్లు చస్తే పరిహారం. ఇచ్చేవాడు తప్పు చేశానని ఒప్పుకోనక్కర్లేదు. అది కాంపెన్సేషన్. ఇంకొకటి, మొక్కును దీంతో కలపొద్దు. మేడారంలో నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూచి సమ్మక్కకు ఇవ్వడం మొక్కు చెల్లించడం, అమ్మకు ఇస్తానన్న మాట నిలబెట్టుకోవడం. అక్కడ తప్పు ఏదీ లేదు, కాబట్టి అటోన్‌మెంట్ కాదు. ఒక ట్రావెల్ వ్యాసంలో ఎవరో అట్లా రాస్తే చూసి తల పట్టుకున్నా.

అయితే ప్రాయశ్చిత్తం అనే మాటలో అవతలి మనిషి ఎప్పుడూ ఉండడని నేను అన్నాననుకోకు. గాంధీ ఆత్మకథ తీసి చూడు. పదిహేనేళ్ల వయసులో అన్న చేతి కడియంలోంచి కొంచెం బంగారం కోసి అమ్మాడు, పాతిక రూపాయల అప్పు తీర్చడానికి. అది అన్న చేసిన అప్పే. తర్వాత ఉండబట్టలేక కాగితం మీద అంతా రాసి, శిక్ష వెయ్యమని, ఇంకెప్పుడూ దొంగతనం చెయ్యనని, జబ్బుతో మంచం మీద ఉన్న తండ్రి చేతికిచ్చాడు. తండ్రి చదివాడు, కళ్లనుంచి నీళ్లు కారి కాగితం తడిసింది, కాసేపు కళ్లు మూసుకుని, కాగితం చింపేశాడు. మన దగ్గర «చేసిన పాపం చెప్తే పోతుంది» అంటారు. గాంధీ అక్కడ ఒక్క షరతు కలిపాడు: ఆ ఒప్పుకోలును అందుకునే హక్కు ఉన్నవాడి ముందే చెప్పాలి. గుజరాతీలో ఆ అధ్యాయం పేరులో ఉన్న మాట ప్రాయశ్చిత్తమే. గాంధీ కార్యదర్శి మహదేవ్ దేశాయ్ ఇంగ్లీషు చేసినప్పుడు «స్టీలింగ్ అండ్ అటోన్‌మెంట్» అని పెట్టాడు. అంతకన్నా సరైన చోట ఆ రెండు మాటలూ ఎదురుపడటం నేను చూడలేదు. క్లాసులో ఈ మాట చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ నాలుగు పేజీలే చదివించేవాణ్ణి.

ఇక వాడకం. దీంట్లో మన పిల్లలు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే: ఫర్ మింగేస్తారు. «హి అటోన్డ్ హిజ్ సిన్స్» కాదు, «హి అటోన్డ్ ఫర్ హిజ్ సిన్స్». నామవాచకంగా అయితే «మేక్ అటోన్‌మెంట్ ఫర్», లేకపోతే నీ వాక్యంలో ఉన్నట్టు «ఇన్ అటోన్‌మెంట్ ఫర్». బహువచనం దాదాపుగా వాడరు. మామూలు వాడకంలో ఫర్ తర్వాత వచ్చేది చేసిన తప్పు, మనిషి కాదు, మనిషికైతే టు వస్తుంది. క్రైస్తవ పుస్తకాల్లో ముందు «ది» పెట్టి పెద్ద ఏ అక్షరంతో రాస్తే మాత్రం అది మామూలు మాట కాదు, సిలువ మీద యేసు మరణం అని ఒక్కటే అర్థం. అది ఎట్లా పని చేస్తుందన్న దాని మీద వెయ్యేళ్లుగా వాదన నడుస్తోంది, మధ్యయుగపు క్రైస్తవ పండితుల్లో ఆన్సెల్మ్ ఒకటంటాడు, అబెలార్డ్ ఇంకొకటంటాడు. అటు పోతే ఈ రాత్రి తెల్లారదు.

బరువు కూడా చూసుకోవాలి. క్లాసుకు పది నిమిషాలు లేటొచ్చి «ఐ విల్ అటోన్ ఫర్ ఇట్» అంటే లెక్చరర్ నవ్వుతాడు. అక్కడ సారీ చాలు. పుట్టినరోజు మర్చిపోయి సినిమాకు తీసుకుపోతే «మేక్ అప్ ఫర్ ఇట్», కొంచెం పెద్దదైతే «మేక్ అమెండ్స్». అటోన్ అంటే మనిషి కొంత కాలం, కొంత సుఖం, కొంత పరువు పెట్టాల్సిన తప్పు ఉండాలి. ఒక్క క్రికెట్ రిపోర్టర్లకు మాత్రం మినహాయింపు: మొదట్లో క్యాచ్ వదిలేసినవాడు తర్వాత వికెట్ తీస్తే వాళ్లు హాయిగా «అటోన్డ్ ఫర్ ద డ్రాప్డ్ క్యాచ్» అని రాస్తారు. ఆ వాడకం ఎంత పాతబడిందంటే ఇప్పుడు ఎవరికీ పాపం గుర్తురాదు. అట్లాంటి చోట తెలుగు చేస్తే ప్రాయశ్చిత్తం వద్దు, నవ్వులాట అవుతుంది. «లెక్క సరిచేశాడు» అను, చాలు.

నీ వాక్యానికి వస్తే, అందులో బ్రదర్ ఉన్నాడు కాబట్టి తేల్చాల్సింది ఒకటే: ఆ తమ్ముడో అన్నో బతికున్నాడా, పోయాడా? పోయి ఉంటే «అన్నకు చేసినదానికి ప్రాయశ్చిత్తంగానే చివరి ఏళ్లు గడిపాడు» అని రాయి. బతికుండి, వీడు వాడి కోసం ఏదో చేస్తూ ఉంటే «అన్నకు చేసిన అన్యాయాన్ని సరిదిద్దుకోవడంలోనే చివరి ఏళ్లు గడిచాయి» అంటే తెలుగులో బతికిన వాక్యం అవుతుంది. మూడు మార్కుల ప్రశ్నకైతే మొదటిదే చాలు. ఆ వాక్యానికి ముందున్న పేరా ఫోటో తీసి ఇక్కడ పెట్టు, ఏదో ఒకటి ఖాయంగా చెప్తా.